అంటుకొనేది ఏది? అంటనిది ఏది?

రెండేళ్ళ కిందట మా బడిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయికి కుడి కంటిరెప్ప మీద, చేతివేళ్ళ కొసల్లో తెల్లని మచ్చలు వచ్చాయి. మచ్చల్లో నొప్పి లేదు, దురద లేదు. దసరా సెలవులకు ముందు ఆ అమ్మాయి మొదటి బల్ల మీద మరి ముగ్గురితో కలిసి కూర్చునేది. సెలవులయ్యాక ఆ బల్ల మీద తానొక్కతే మిగిలింది. ఎవరూ ఏమీ అనలేదు. మెల్లగా ఒక్కొక్కరే జరిగిపోయారు, అంతే. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా ఆమె పళ్ళేనికి అటూ ఇటూ చోటు ఖాళీగా ఉండేది.

అదే తరగతిలో మగపిల్లల వరుసలో అయిదుగురు అదేపనిగా గోక్కుంటున్నారు. వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర, మొలతాడు చుట్టూ ఎర్రటి పొక్కులు. వాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని తిరుగుతున్నారు. ఒకే తువ్వాలుతో ముఖాలు తుడుచుకొంటున్నారు. వాళ్ళను చూసి మాత్రం ఎవరూ జరగలేదు.

ఆ అమ్మాయికి వచ్చింది బొల్లి. ముట్టుకొన్నా, పక్కన పడుకొన్నా, ఒకే కంచంలో తిన్నా అది ఎవరికీ అంటదు. అబ్బాయిలకు వచ్చింది గజ్జి. అది అంటుకొంటుంది. అంటే మా తరగతి అంతా అంటని జబ్బుకు జడిసి, అంటుకొనే జబ్బు మీద చెయ్యి వేసుకొని తిరిగిందన్నమాట! సైన్సు మాస్టారినైన నేను మాత్రం ఏం చేశాను? ఆ అమ్మాయి వచ్చి “వెనక బల్లకు వెళ్తాను మాస్టారూ” అని అడిగితే, పోనీలే, నలుగురి కళ్ళూ పడకుండా ఉంటుంది కదా అని సరేనన్నాను. దాని ఫలితం ఏమైందో చివర్లో చెబుతాను. ముందు ఈ జబ్బుల సంగతి చూద్దాం.

సొరంగం తవ్వే జీవి

గజ్జి ఎందుకు వచ్చిందని అడిగితే మా ఊళ్ళో “రక్తం చెడింది” అంటారు. “వేడి చేసింది” అనేవాళ్ళూ ఉన్నారు. రక్తంలో ఏ దోషమూ లేదు. 1687లో ఇటలీలో లివోర్నో అనే రేవుపట్నంలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే మందుల తయారీదారు కలిసి గజ్జి పొక్కుల దగ్గర నుంచి సూదిమొనతో ఒక తెల్లని చుక్కను పైకి తీశారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది కదులుతోంది! తాబేలులాంటి ఆకారం, కురచ కాళ్ళు. ఫలానా జబ్బుకు ఫలానా ప్రాణి కారణమని కళ్ళతో చూసి చెప్పిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. అయినా పెద్ద పెద్ద వైద్యులు నూటయాభై ఏళ్ళ దాకా నమ్మలేదు. 1834లో పారిస్‌లో రెనూచీ అనే వైద్య విద్యార్థి అందరి ఎదుటా ఆ జీవిని బయటికి తీసి చూపాక గాని వాళ్ళ సందేహం తీరలేదు. ఆ యువకుడిది కోర్సికా దీవి. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు సూదితో దాన్ని తీస్తూ ఉంటే చూసి నేర్చుకొన్నాడు. పల్లెటూరి ఆడవాళ్ళకు తెలిసిన విషయం రాజధాని పండితులకు తెలియకపోవడం వింతే కదూ!

ఈ జీవి కీటకం కాదు. దీనికి ఎనిమిది కాళ్ళు. సాలీడు, తేలు, గోమారి వీటి వర్గానికి చెందినది. ఆడదాని పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కంటె కొంచెం ఎక్కువ. అది చర్మం పై పొరలో సన్నని సొరంగం తవ్వుకొంటూ పోతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మనకు దురద పుట్టేది అది కొరికినందువల్ల కాదు. దాని లాలాజలం, మలం, గుడ్లు మన శరీరానికి సరిపడవు. ఆ సరిపడకపోవడమే దురద. మొదటిసారి గజ్జి సోకినప్పుడు శరీరం ఈ కొత్త పదార్థాలను గుర్తించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మనిషికి దురద ఉండదు, కాని జబ్బు మాత్రం పక్కవాళ్ళకు పాకుతూనే ఉంటుంది. గజ్జి వైద్యంలో ఉన్న కిటుకంతా ఇక్కడే ఉంది.

ఎలాగంటారా? ఇంట్లో ఆరుగురు ఉంటే ఇద్దరు గోక్కుంటారు. ఆ ఇద్దరికే మందు రాస్తారు. వాళ్ళకు తగ్గుతుంది. దురద లేని మిగతా నలుగురిలో ఎవరి దగ్గర నుంచో మళ్ళీ పాకుతుంది. “మందు పని చెయ్యలేదు” అని మందును తిడతారు. పని చెయ్యంది మందు కాదు. వైద్యులు సాధారణంగా ఇచ్చే అయిదు శాతం పర్మెత్రిన్ క్రీమును ఇంట్లో ఉన్న అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దురద పెట్టే చోటనే కాదు, మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా. పొద్దున స్నానం చెయ్యాలి. వారం తరవాత మరొకసారి. (పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుణ్ణి అడిగి.) కట్టుకొన్న బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఉతకడానికి వీలుకాని వాటిని వారం రోజులు మూట కట్టి ఎవరూ ముట్టకుండా పెడితే చాలు. మనిషి ఒంటికి దూరమైతే ఆ జీవి రెండు మూడు రోజులకు మించి బతకలేదు. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. చచ్చిన జీవుల అవశేషాలు పోయేదాకా అంతే. కంగారుపడి రోజూ రాసుకొంటే చర్మం మండిపోతుంది.

ఇదే జబ్బుకు మింగే మాత్ర కూడా ఉంది, ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో ఒక గోల్ఫు మైదానం దగ్గరి మట్టిలో సతోషి ఓమురా కనిపెట్టిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు ఇది. 2015 నోబెల్ బహుమతిలో ఆయనకు, విలియం కాంబెల్‌కు భాగం దక్కింది. గజ్జిని చిన్న జబ్బు అనుకోకండి. గోకిన పుండ్లలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా చేరి చీము పడితే, కొందరు పిల్లలకు ఆ తరవాత మూత్రపిండాలు వాస్తాయి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఉంగరం ఎందుకు?

అంటుకొనే జబ్బుల్లో మరొకటి తామర. దీనికి కారణం శిలీంధ్రం, అంటే రొట్టె మీద పెరిగే బూజుకు చుట్టం. గోళ్ళలో, వెంట్రుకల్లో, గేదె కొమ్ములో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తే చర్మం పై పొరలోనూ ఉంటుంది. ఈ శిలీంధ్రానికి అదే భోజనం. నడుమ ఉన్నది తింటూ చుట్టూ విస్తరిస్తుంది. నడుమ భాగం మానుతుంది, అంచు ఎర్రగా ముందుకు జరుగుతుంది. అందుకే తామర ఉంగరంలా కనిపిస్తుంది. చెమట, తడిబట్టలు, బిగుతు దుస్తులు దీనికి ఇష్టం.

ఇక్కడ మీరు తప్పక తెలుసుకోవలసిన విషయం ఉంది. మందుల దుకాణానికి వెళ్ళి “దురదకు ట్యూబు ఇవ్వండి” అంటే, స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతిలో పెట్టేవాళ్ళు ఉన్నారు. రాసిన రెండు రోజుల్లో ఎరుపు మాయం, దురద మాయం. అద్భుతం అనిపిస్తుంది! నిజానికి జరిగింది ఏమిటంటే, దొంగ వచ్చాడని అరిచే కుక్క నోరు కట్టేశాం. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. శరీర రక్షణ వ్యవస్థ మత్తులో ఉండగా శిలీంధ్రం హాయిగా ఒళ్ళంతా పాకుతుంది. చర్మం పలచబడి చారలు పడతాయి. అవి తిరిగి పోవు. 2018లో భారత ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు గదా. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక భారతీయ రోగి నుంచి, ఒక నేపాలీ రోగి నుంచి తీసిన తామర శిలీంధ్రానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మామూలుగా తామరకు వాడే టెర్బినఫిన్‌కు ఇది చాలాసార్లు లొంగదు. మన దేశం పేరు ఇలాంటి చోట ఎక్కడం నాకైతే బాధగా ఉంది.

ఒక పేరు చేసిన అపకారం

ఇప్పుడు బొల్లి. మన బాహ్యచర్మం అడుగు భాగాన మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసేవి ఇవే. నల్లనివాళ్ళకు ఈ కణాలు ఎక్కువ, తెల్లనివాళ్ళకు తక్కువ అనుకొంటారు. కాదు. కణాల సంఖ్య అందరికీ దాదాపు ఒకటే. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. సూక్ష్మజీవులతో పోరాడవలసిన మన రక్షణ కణాలు ఒక్కొక్కప్పుడు పొరపాటుపడి సొంత మెలనోసైట్ల మీదనే దాడి చేస్తాయి. అవి నశించిన చోట చర్మం పాలలా తెల్లబడుతుంది. అదే బొల్లి. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. కొంత వంశపారంపర్యం ఉంది కాని, తల్లికి ఉంటే బిడ్డకు వచ్చి తీరాలని ఏమీ లేదు. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని మీ ఇంట్లో కూడా అనే ఉంటారు. దానికి ఆధారం లేదు.

మరి ఇంత నిరపాయమైన జబ్బుకు ఇంత భయం ఎందుకు? నా లెక్కలో సగం తప్పు ఒక పేరుది. దీన్ని చాలామంది “తెల్లకుష్ఠు” అంటారు. ఇది కుష్ఠు కానే కాదు. కుష్ఠుకు కారణమైన బాక్టీరియాను 1873లో నార్వేలో హాన్సెన్ కనుగొన్నాడు. ఆ మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటె కాస్త పాలిపోయి లేక ఎర్రగా ఉంటుంది గాని పాలతెలుపుగా ఉండదు. పైగా అక్కడ స్పర్శ తగ్గుతుంది. దూదిపోగుతో తాకితే తెలియదు. బొల్లి మచ్చ మీద చీమ పాకినా తెలుస్తుంది. సరే, కుష్ఠు అయితే మాత్రం వెలివేయడం న్యాయమా? నూటికి తొంభై అయిదు మందికి దానిని ఎదిరించే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. మూడు మందులు కలిపి ఆరు నెలలో సంవత్సరమో వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. వైద్యం మొదలైన కొద్దికాలానికే ఆ మనిషి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. అయినా భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు తీసుకోవచ్చన్న చట్టం మన దేశంలో 2019 దాకా ఉంది! సైన్సు పుస్తకంలో మారిన విషయం చట్టం పుస్తకంలో మారడానికి ఎంతకాలం పట్టిందో చూడండి.

బొల్లికి వైద్యం లేదనడం కూడా తప్పే. పూతమందులు ఉన్నాయి. 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని వారానికి రెండు మూడుసార్లు పట్టే పద్ధతి ఉంది. మచ్చలు పెరగకుండా స్థిరపడ్డవారికి మంచి చోటి చర్మకణాలను అతికించే శస్త్రచికిత్సా ఉంది. ముఖం మీది మచ్చలు బాగా తగ్గుతాయి. వేళ్ళ కొసల్లో, పెదవుల మీద అంత సులభంగా తగ్గవు. మన నాటువైద్యంలో వాడే బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉన్న మాట నిజమే. ఆ జాతి పదార్థాన్నే 1940ల్లో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్తీ బొల్లికి వాడి చూపాడు. అలాగని బావంచాలు నూరి పూసుకొని ఎండలో నిలబడకండి. మోతాదు తప్పితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

పరీక్షలకూ మొటిమలకూ ఏమి సంబంధం?

భయపడితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సిగ్గుపడితే బుగ్గలు ఎర్రబడతాయి. కంగారు పడితే అరచేతులు చెమర్చుతాయి. మనస్సులో కలిగిన దాన్ని ముందుగా బయటపెట్టేది చర్మమే. దీనికి పుట్టుకలోనే కారణం ఉంది. తల్లి గర్భంలో మూడో వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుంది. అన్నిటికంటె పైనున్న బహిస్త్వచంలో ఒక భాగం లోపలికి మడతపడి మెదడు, వెన్నుపాము అవుతుంది. పైన మిగిలిన భాగం బాహ్యచర్మం అవుతుంది. ఒకే తల్లి పిల్లలు అన్నమాట!

దిగులు, భయం ఎక్కువకాలం ఉంటే మెదడు ఆజ్ఞ మీద అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. దానివల్ల గాయాలు మానడం మందగిస్తుంది, చర్మం గోడ బలహీనమవుతుంది. చర్మంలోని నాడుల కొనలు కూడా కొన్ని రసాయనాలను వదులుతాయి. వాటివల్ల దురద, వాపు పెరుగుతాయి. ఇవి ఊహలు కావు, ప్రయోగాలు చేసి చూశారు. 1998లో అమెరికాలో పదకొండు మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు, వాళ్ళ సమ్మతితోనే లెండి. ఒకసారి వేసవి సెలవుల్లో, మరొకసారి పరీక్షలకు మూడు రోజుల ముందు. అదే మనిషి, అంతే గాయం. పరీక్షల కాలంలో మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. సెలవుల్లో కంటె పరీక్షల్లో త్వరగా మానినవాడు ఒక్కడూ లేడు! అది నోటి లోపలి పొర. మరి చర్మమో? 2003లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొటిమలున్న ఇరవై రెండు మంది విద్యార్థులను పరిశీలిస్తే, పరీక్షల ఒత్తిడి ఎంత పెరిగితే మొటిమలు అంత పెచ్చుమీరాయి.

సోరియాసిస్ సంగతి ఇంకా స్పష్టం. మామూలుగా బాహ్యచర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని వారం లోపలే జరిగి, రాలవలసిన కణాలు వెండిపొలుసుల్లా పేరుకొంటాయి. ఇదీ అంటుకోదు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త 1998లో ఒక ప్రయోగం ప్రకటించాడు. కాంతి చికిత్సకు వచ్చిన ముప్పై ఏడు మంది సోరియాసిస్ రోగులను రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకు చికిత్స సమయంలో ధ్యానం నేర్పే టేపు వినిపించాడు. రెండో జట్టుకు కాంతి మాత్రమే. టేపు విన్నవారి చర్మం త్వరగా బాగుపడింది. రెండు జట్లకూ కాంతి చికిత్స అందిందన్న సంగతి మరవకండి. ధ్యానం మందుకు తోడయింది, మందు బదులు కాలేదు.

ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, సగం తెలిసినవాళ్ళు రోగితో “నీ దిగులు వల్లే వచ్చింది, మనస్సు గట్టి చేసుకో” అంటారు. గజ్జి జీవికి మీ మనస్సుతో పని లేదు. బొల్లికి మూలం రక్షణ కణాల పొరపాటు. దిగులు కొన్ని జబ్బులను పెంచుతుంది, నిజమే. కాని ఆ దిగులు ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి కదా? పగలు ఖాళీ అయిన బల్ల చూసి, రాత్రి నిద్ర పట్టక పుట్టిన దిగులు అది. మీ స్నేహితుల్లో ఎవరైనా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా తొడుగుతూ, బడి మానేస్తూ, తిండి మీద ఇష్టం పోగొట్టుకొని ఉంటే, లేక “బతకాలని లేదు” అని ఎప్పుడైనా అంటే, ఆ మాట మీలో దాచుకోకండి. పెద్దవాళ్ళకు చెప్పండి. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వం వారి టెలి-మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఖర్చు లేదు.

మళ్ళీ మా తరగతికి వద్దాం. వెనక బల్లకు వెళ్ళిన పది రోజులకు ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చెప్పింది: “రాత్రుళ్ళు గరుకు గుడ్డ పెట్టి వేళ్ళు రుద్దుకొంటోందండీ. మచ్చ పోతుందని.” చూస్తే వేళ్ళ కణుపుల మీద కొత్త మచ్చలు. చర్మం ఒరుసుకుపోయిన చోట కొత్త మచ్చ రావడం బొల్లి స్వభావం. సిగ్గు జబ్బును పెంచింది. జబ్బు మళ్ళీ సిగ్గును పెంచింది. ఇక నేను ఆమెను వెనక్కి పంపడం చూసి, “మాస్టారే పంపారంటే ఇది అంటుజబ్బే” అని తరగతి నిర్ధారించుకొంది. ఈ మాట వాళ్ళమ్మే అన్నది. నాకు జవాబు దొరకలేదు.

మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మగారిని బతిమాలి బడికి తీసుకొచ్చాను. ఆమె ముందుగా అబ్బాయిల వరుస దగ్గరికి వెళ్ళింది. ఒకడి వేళ్ళ సందులో సొరంగం వెతికి, సూదితో తీసి, స్లైడు మీద పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే మా పాత సూక్ష్మదర్శినిలో చూసి “అమ్మో, కదులుతోంది!” అని వెనక్కి గెంతారు. ఆ వారంలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒకే రాత్రి మందు రాసుకొన్నారు. తరవాత డాక్టరమ్మగారు, ఆ అమ్మాయిని ముందే అడిగి ఒప్పించి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకొని మచ్చల గురించి చెప్పింది. మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి వదల్లేదు. నా పాఠం కంటె అది బాగా పని చేసింది.

అందరూ ఒక్క రోజులో మారారని చెప్పను. ఇద్దరు ఆడపిల్లలు మర్నాడే ఆమె పక్కకు వచ్చారు. ఒకరి ఇంట్లో మాత్రం సంక్రాంతి దాకా ఒప్పుకోలేదు. జిల్లా ఆసుపత్రిలో కాంతి చికిత్స మొదలైంది. వారానికి రెండుసార్లు బస్సు ఎక్కి వెళ్ళి రావడం వాళ్ళ నాన్నకు కూలి పోయే పని. అయినా తిప్పాడు. ఏడాది తిరిగేసరికి కంటిరెప్ప మీద చుక్కలు చుక్కలుగా రంగు వచ్చి మచ్చ దాదాపు పూడింది. వేళ్ళ కొసల్లోవి అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆ అమ్మాయి పదో తరగతి. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని సరిచేసి చిన్న తరగతుల పిల్లలకు చూపించే పని ఆమెకే అప్పగించాను. స్లైడు పట్టుకొనేటప్పుడు ఆ వేళ్ళు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి.